విద్యాలయమున మరుగు ఆయుధము: శ్రావకుని విచారణ

గృహస్థునికి జినశాసనము విధించిన వ్రతములు అడవిలో ఆచరించుటకు కాదు; అంగడిలో, ఇంటిలో, ప్రయాణములో ఆచరించుటకే యేర్పడినవి. కావుననే కాలము మారినకొలది వాటికి క్రొత్త పరీక్షలు వచ్చుచుండును. నేడు మన కుటుంబముల బిడ్డలు చాలమంది అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. అచట కొన్ని రాష్ట్రములలో, ప్రక్క బల్లపై కూర్చున్న సహాధ్యాయి చొక్కా క్రింద గుండ్లు నింపిన పిస్తోలు ఉండవచ్చును. అది దొంగతనముగా తెచ్చినది కాక, చట్టము అనుమతించినదే కావచ్చును. ఇది తగునా, తగదా అని ఆ దేశమున పెద్ద వాదము నడుచుచున్నది. ఆ వాదమును తెలిసికొని, మన ధర్మముతో తూచి, మన ఇంటిలో ఏమి చేయవలెనో నిర్ణయించుకొనుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

తూచుట అంటిమి. వర్తకునికి తూనిక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. త్రాసులో ఒక సిబ్బిని వ్రేలితో నొక్కి తూచినవాడు సరకునే కాదు, తన్ను తాను కూడ మోసగించుకొనును. ‘మనము అహింసావాదులము, తుపాకి చెడ్డది, ఇక మాటలేల?’ అని లేచిపోవుట కూడ సిబ్బిని నొక్కుటయే. ఎదుటివాడు చూచిన సత్యాంశమేదో మొదట చూడుమని అనేకాంతము బోధించుచున్నది. అటులే చూతము.

1. వాదము పుట్టిన విధము

మన దేశమున తుపాకి కలిగియుండుట ప్రభుత్వము దయచేయు అనుమతి. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము కారణము చూపి లైసెన్సు పొందవలెను. అమెరికాలో సంగతి వేరు. 1791 లో వారి రాజ్యాంగమునకు చేర్చిన రెండవ సవరణ ఆయుధములు కలిగియుండుటను ప్రజల హక్కుగా పేర్కొన్నది. అది వ్యక్తికి చెందిన హక్కేనని వారి సుప్రీంకోర్టు 2008 లో తీర్పు చెప్పెను. ఇంటి వెలుపల ధరించుటకు కూడ ఆ హక్కు వర్తించునని 2022 లో నిర్ణయించెను. అయినను పాఠశాలలు, ప్రభుత్వ భవనములు వంటి సున్నితమైన స్థలములలో నిషేధము పెట్టుట తప్పు కాదని ఆ కోర్టే అంగీకరించినది. విశ్వవిద్యాలయము అటువంటి స్థలమా, లేక వీధివంటి స్థలమా? వాదమంతయు ఇచటనే చిక్కుకొన్నది.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. వర్జీనియా విశ్వవిద్యాలయమును స్థాపించిన థామస్ జెఫర్సన్, ఆయన మిత్రుడు జేమ్స్ మాడిసన్ ఆ సంస్థ పాలకమండలిలో కూర్చుండి, 1824 అక్టోబరులో విద్యార్థులెవ్వరును ప్రాంగణమున ఆయుధములు ఉంచుకొనరాదని తీర్మానించిరి. ఆయుధ హక్కును రాజ్యాంగమున చేర్చిన తరమువారే విద్యాలయమునకు వేరు నియమము కావలెనని తలచిరన్నమాట. ఆ నియమము అందరును పాటించలేదు. 1840 లో అదే ప్రాంగణమున రాత్రివేళ అల్లరి చేయుచున్న విద్యార్థి ముఖమునకున్న ముసుగు తొలగింపబోయిన న్యాయశాస్త్రాచార్యుడు, ఆ విద్యార్థి పిస్తోలు గుండుకు బలియయ్యెను. రెండేండ్లకు, 1842 లో, ఆ విశ్వవిద్యాలయమువారు విద్యార్థి తన మాటకు తానే సాక్షిగా సంతకము చేయు ప్రమాణపద్ధతిని పరీక్షలలో ప్రవేశపెట్టిరి. నియమము వెలుపలినుండి వచ్చును. ప్రమాణము లోపలినుండి వచ్చును. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. చివర మరల దీని అవసరము కలుగును.

ఇక ఇటీవలి చరిత్ర. 1966 ఆగస్టు 1న టెక్సాసు రాష్ట్రములోని ఆస్టిన్ విశ్వవిద్యాలయ గోపురమెక్కి ఒకడు క్రిందనున్నవారిని కాల్చి పలువురిని చంపెను. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ అను విద్యాసంస్థలో ఒక విద్యార్థి 32 మందిని చంపెను. మృతులలో తమిళనాడునుండి వెళ్లి అచట బోధించుచున్న ఒక ఆచార్యుడును, ముంబయినుండి చదువుటకు వెళ్లిన ఒక విద్యార్థినియు ఉండిరి. ఆ సంస్థ నియమములు ప్రాంగణమున ఆయుధములను నిషేధించియుండెను. ‘నిషేధము చంపువానిని ఆపలేదు, చచ్చువారి చేతులను మాత్రము కట్టివేసినది’ అను వాదము నాటినుండి బలపడెను. ఆ వాదముతో విద్యార్థుల సంఘమొకటి ఏర్పడి, నడుముకు ఖాళీ పిస్తోలు ఒరలు కట్టుకొని తరగతులకు వెళ్లి నిరసన తెలిపెను.

టెక్సాసు శాసనసభ 2015 లో చట్టము చేసెను. లైసెన్సు గలవారు ప్రభుత్వ విశ్వవిద్యాలయ భవనములలో ఆయుధమును కనబడకుండ ధరించవచ్చును, కనబడునట్లు ధరించరాదు. ప్రైవేటు విశ్వవిద్యాలయములు కాదనవచ్చును. వాటిలో మిక్కిలి భాగము కాదనినవి. ఈ చట్టము గోపురము కాల్పులకు సరిగా 50 ఏండ్లు నిండిన నాడే, 2016 ఆగస్టు 1న, అమలులోనికి వచ్చినది. యూటా రాష్ట్రము అంతకు పూర్వమే, కాన్సాసు, జార్జియాలు 2017 లోను, వెస్ట్ వర్జీనియా 2024 లోను ఈ మార్గమున నడచినవి. జార్జియాలో వసతిగృహములను, క్రీడాస్థలములను మినహాయించిరి. కొలరాడోలో 2012 లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము ఆయుధధారుల పక్షమున తీర్పు చెప్పగా, 2024 లో శాసనసభ మరల నిషేధించినది. తెలుగు విద్యార్థులు పెద్దసంఖ్యలో చేరు రాష్ట్రములలో టెక్సాసు, జార్జియాలు ముఖ్యమైనవి. కావున ఇది మనకు దూరపు వార్త కాదు.

2. అనుమతించవలెననువారి పక్షము

వారి మాటలలో నాలుగు విషయములు బరువైనవి.

మొదటిది: లైసెన్సు గలవాడు సినిమాహాలులో, అంగడిలో, వీధిలో ఆయుధముతో తిరుగుచునే యున్నాడు. ప్రాంగణపు గేటు దాటగానే అతడు అపాయకరుడెట్లగును?

రెండవది: కాల్పులు మొదలైన తరువాత పోలీసులు వచ్చులోపల నిమిషములు గడచును. ఆ నిమిషములలోనే ప్రాణములు పోవును.

మూడవది: లైసెన్సు పొందినవారు నేరములకు శిక్షపడుట మిక్కిలి అరుదని రాష్ట్రపు లెక్కలను చూపుదురు. టెక్సాసులో చట్టము వచ్చిన తరువాత తరగతి చర్చలు కాల్పులుగా మారుట నిత్యకృత్యము కాలేదన్నది కూడ వారికి అనుకూలమే.

నాలుగవది అన్నింటికంటె బరువైనది. 2007 లో నెవాడా రాష్ట్రములో ఒక విద్యార్థిని రాత్రి తరగతి ముగించుకొని, విశ్వవిద్యాలయపు కార్లు నిలుపు కట్టడములో దౌర్జన్యమునకు గురియయ్యెను. ఆమెకు పిస్తోలు లైసెన్సు కలదు. ప్రాంగణ నియమమును గౌరవించి ఆనాడు దానిని ఇంటివద్దనే ఉంచెను. ఆ దుర్మార్గుడు తరువాత మరియొక యువతిని చంపెను. ‘నియమమును నేను పాటించితిని, వాడు పాటించలేదు’ అని ఆమె శాసనసభలలో నిలబడి చెప్పెను. ఆడబిడ్డలను దూరదేశమునకు పంపు తల్లిదండ్రులు ఈ మాటను తేలికగా త్రోసివేయజాలరు, త్రోసివేయరాదు కూడ.

3. వలదనువారి పక్షము

వలదనువారు తుపాకి చేయు మేలునే కాక, అది ఊరక ఉన్న దినములలో చేయు కీడును లెక్కింపుమందురు. ఎదుర్కొనదగిన ఘోరము వేయి దినములలో ఒకనాడైనను రాకపోవచ్చును; ఆయుధము మాత్రము వేయి దినములును దగ్గరనే యుండును.

ఆ దినములలో మొదటి భయము పొరపాటు. ఐడహో రాష్ట్రము 2014 లో అనుమతి ఇచ్చిన కొలది వారములకే, ఒక రసాయనశాస్త్ర బోధకుని జేబులోని పిస్తోలు తరగతిలో పేలి అతని పాదమునకే తగిలెను. అతడు ప్రత్యేక శిక్షణతో కూడిన అనుమతి పొందినవాడు. టెక్సాసులో 2016 లో చట్టము అమలైన కొన్ని వారములకే ఒక వసతిగృహమున ఇట్టి పేలుడే జరిగెను. ఎవరికిని గాయము కాలేదు.

రెండవ భయము నిరాశ. అమెరికాలో తుపాకి మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే. తుపాకితో చేసిన ఆత్మహత్యా ప్రయత్నము పదింట సుమారు తొమ్మిది సార్లు ప్రాణము తీయును. ఇతర ప్రయత్నములలో చాలమంది బ్రతికి, తేరుకొందురు. పరీక్షలో తప్పినవాడు, అప్పుపడినవాడు, ప్రేమలో భంగపడినవాడు, ఇంటికి చెప్పుకొనలేనివాడు విద్యార్థులలోనే యుండును. అట్టి రాత్రి గడచిపోవువరకు అతనికి అందుబాటులో ఏమున్నదన్నదే ప్రాణమును నిర్ణయించును.

మూడవది గందరగోళము. 2015 లో ఓరెగాను రాష్ట్రములోని ఒక కళాశాలలో 9 మంది హతులైన నాడు, ఆయుధధారియైన పూర్వసైనికుడొకడు ప్రాంగణముననే యుండెను. తాను పిస్తోలుతో పరుగెత్తినచో పోలీసులు తననే హంతకుడనుకొందురని తలచి ఆగిపోయెను. 1966 నాటి గోపురము సంగతిని ఇరుపక్షములవారును ఉదాహరింతురు. ఆనాడు పౌరులు తమ వేటతుపాకులతో క్రిందినుండి కాల్చుటచే హంతకుడు తలయెత్తలేకపోయెనని ఒకరందురు. పైకెక్కిన పోలీసులకు ఆ గుండ్లే అపాయమయ్యెనని మరియొకరందురు. రెండును నిజమే.

నాల్గవది వాక్కునకు సంబంధించినది. హ్యూస్టను విశ్వవిద్యాలయ అధ్యాపకసభలో 2016 లో చూపిన సూచనలలో, సున్నితమైన విషయములు చర్చించునపుడు జాగ్రత్తపడుడు, కొన్ని పాఠములు వదలివేయుడు అని కలదు. టెక్సాసు విశ్వవిద్యాలయ వ్యవస్థకు అప్పటి అధిపతి విలియం మెక్‌రావెన్ ఈ చట్టమును వ్యతిరేకించెను. ఆయన నౌకాదళ అడ్మిరలుగా పనిచేసి, 2011 లో బిన్ లాడెన్‌పై జరిగిన దాడిని నడిపించినవాడు. ఆయుధమనగా బెదరువాడు కాదు. గురువు శిష్యునికి తక్కువ మార్కులు వేయుటకు జంకినచో, శిష్యుడు శిష్యుని తప్పు చెప్పుటకు వెనుదీసినచో, అచట భవనములు మిగులును గాని విద్య మిగులదు.

4. శాస్త్రదృష్టి

ఇప్పుడు మన తూనికరాళ్లు బయటికి తీయుదము.

హింసను మన పెద్దలు నాలుగు విధములుగా చెప్పిరి. చంపవలెనని తలచి చేయునది సంకల్పి హింస. వంట, ఇల్లూడ్చుట వంటి గృహకృత్యములలో జరుగునది ఆరంభి. వ్యవసాయ వాణిజ్యాది వృత్తులలో జరుగునది ఉద్యోగి. ఆక్రమించవచ్చిన వానిని ఎదిరించుటలో జరుగునది విరోధి. ముని ఈ నాలుగింటిని విడుచును. గృహస్థుడు మొదటిదానిని పూర్తిగా విడిచి, తక్కిన మూడింటిని శక్తికొలది తగ్గించుకొనవలెను. అనగా ప్రాణము మీదికి వచ్చినపుడు తన్ను, తనవారిని కాపాడుకొనుటను శ్రావకధర్మము నిషేధింపలేదు. శ్రవణబెళగొళమున గోమటేశ్వరుని నిలిపిన చాముండరాయుడు గంగరాజుల సేనాపతి. ఆయన కత్తి పట్టెను, శ్రావకుడుగానే పట్టెను. కావున నెవాడా విద్యార్థినిని గూర్చి ‘ఆమె ఆయుధము కోరుటయే పాపము’ అనుటకు మన శాస్త్రమున ఆధారము లేదు. ఈ మాటను దాచకుండ చెప్పవలెను.

అయితే మన విచారణ ఇంతటితో ముగియదు. విరోధి హింస ఆపద వచ్చిన క్షణమునకు చెందినది. మరుగున ఆయుధము ధరించుట ఆపద లేని దినములకు చెందినది. ఆ దినములను పరిపాలించునది అనర్థదండవ్రతము. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున ప్రయోజనము లేని పాపములను ఐదుగా లెక్కించిరి: పాపోపదేశము, హింసాదానము, అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య. ఇందు మూడు మన విషయమునకు నేరుగా తగులును.

హింసాదానమనగా చంపు సాధనములను ఇతరులకు ఇచ్చుట. మిత్రుని పిస్తోలు ఒక రాత్రి మన గదిలో దాచుట, మన పేర కొని మరియొకనికి ఇచ్చుట ఇందు చేరును. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున ఆయుధముల అమ్మకమును విషవాణిజ్యముతో జతపరచిరన్న సంగతి వర్తక కుటుంబములకు గుర్తుండదగినది.

ప్రమాదచర్య విషయమున ఒక మాట. నేటి తెలుగులో ప్రమాదమనగా అనుకొనక జరిగిన కీడు. శాస్త్రములో ప్రమాదమనగా రాగద్వేషములచే, ఏమరుపాటుచే మనస్సు మెలకువ తప్పుట. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకు మూలము ఇదియేనని నిర్ణయించెను. జేబులో తుపాకియున్నవాని యెడ ఈ రెండర్థములును ఒకటియగును. అతని ఏమరుపాటే మరియొకని మరణము. ఒక క్షణపు క్రోధము మాటతో ముగియవలసినది, తూటాతో ముగియును.

అపధ్యానము మిక్కిలి సూక్ష్మము. పరుల వధబంధనములను గూర్చి ద్వేషముతో తలపోయుట అపధ్యానము. ‘కారులో నడుము పట్టీ కట్టుకొనుట, అంగడికి తాళము వేయుట వంటిదే పిస్తోలు ధరించుట; ఇందు ద్వేషమెక్కడిది?’ అని పూర్వపక్షము. ఈ ప్రశ్న న్యాయమైనదే. ద్వేషము లేకుండ ధరించువారును ఉందురు. కాని తాళము ఎవరి ప్రాణమును కోరదు. నడుము పట్టీ ఎదుటివానిని శత్రువుగా చూడుమనదు. పిస్తోలును సమర్థముగా ధరించవలెనన్నచో, ప్రతి గదిలోను ఎవనిని ఎటునుండి కాల్చవలసివచ్చునో తలచుచుండవలెను. శిక్షకులు నేర్పునదియు అదియే. సహాధ్యాయుల మధ్య కూర్చుండి నిత్యము ఈ తలపును పెంచుకొన్నచో, గుండు ఒరలోనే యున్నను భావహింసకు ద్వారము తెరచినట్లే.

చాముండరాయుని కత్తికిని ఈ పిస్తోలునకును భేదము ఇచటనే కలదు. ఆయన కత్తి అందరికి కనబడునది. ఒక పదవికి, ఒక బాధ్యతకు లోబడినది. ఇది ఒక్కని భయమునకు మాత్రమే లోబడి, ఇతరులకు కనబడకుండ నుండునది.

5. తలుపు పట్టిన గురువు

వర్జీనియా టెక్ ఘోరములోనే మరియొక వృత్తాంతము కలదు. లివియు లిబ్రెస్కు అను ఇంజనీరింగు ఆచార్యుని వయస్సు అప్పటికి 76 ఏండ్లు. రుమేనియాలో పుట్టి, బాల్యమున యూదుల సంహారకాలమును దాటి బ్రతికినవాడు. కాల్పుల శబ్దము దగ్గరపడగా ఆయన తరగతి తలుపునకు తన శరీరమును అడ్డుపెట్టి, కిటికీలగుండ దూకి పొండని విద్యార్థులకు చెప్పెను. చాలమంది దూకి బ్రతికిరి. ఆయన మరణించెను.

ఆయన జైనుడు కాడు. అయినను దానములలో అభయదానము శ్రేష్ఠమని మనము చదువుకొను మాటకు ఇంతకంటె స్పష్టమైన అర్థము దొరకదు. అహింస పిరికితనమని నిందించువారికి సమాధానము ఆ తలుపు. ఆయుధమున్నచో ఆయన ఇంకను కొందరిని కాపాడియుండెడివాడా? కావచ్చునని ఒకరు, కాదని ఒకరు వాదింతురు. ఆయుధము లేనివానికి చేయదగిన పని లేదనుట మాత్రము అసత్యము.

6. మన ఇంటి పద్దు

అమెరికా చట్టము ఎట్లుండవలెనో ఆ దేశపౌరులు నిర్ణయించుకొందురు. వారిలో మనవారును కలరు. వారు ఓటు వేయునపుడు ఇరుపక్షములను తూచి వేయుదురు గాక. శ్రావకుడు ఏమి చేయవలెనన్నది వేరు పద్దు. దానిని మనమే వ్రాసికొనవలెను.

మొదట చట్టము సంగతి. విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాపై నున్నవారు తుపాకి గాని తూటా గాని కలిగియుండుటను ఆ దేశపు కేంద్రచట్టము సామాన్యముగా నేరముగా ఎంచును. రాష్ట్రము అందరికి అనుమతి ఇచ్చినను, ఈ నిషేధము అట్టివారికి తొలగదు. మినహాయింపులలో ముఖ్యమైనది వేట లైసెన్సు. జైనుని బిడ్డకు ఆ ద్వారము రెండుసార్లు మూసియున్నది! స్నేహితుని పిస్తోలు సరదాకు పట్టుకొని ఫోటో దిగుట కూడ చదువుకు, వీసాకు ముప్పు తేగలదు. బయలుదేరుటకు ముందే ఈ సంగతి బిడ్డలకు చెప్పవలెను.

రెండవది, భయమునకు ఉపాయము. రాత్రివేళ ఒంటరిగా నడువకుండుట, అనేక ప్రాంగణములలో నున్న తోడు వచ్చు ఏర్పాటును, అత్యవసర సందేశములను వాడుకొనుట నేర్పవలెను. ఆడపిల్ల ‘భయమగుచున్నది’ అన్నపుడు ‘నీకేమి భయము’ అని కసరక వినవలెను.

మూడవది, నిరాశకు ఉపాయము. తప్పిన పరీక్షను, పోయిన ఉద్యోగమును ఇంటికి చెప్పుకొను ధైర్యము బిడ్డలకు మనమే ఇవ్వవలెను. ‘అంత ఖర్చుపెట్టి పంపితిమి’ అని ప్రతి వారము ఫోనులో లెక్క చెప్పు తండ్రి, తెలియక ఆ తలుపును మూయుచున్నాడు.

నాల్గవది మరింత కష్టమైనది. అచట స్థిరపడి హోటళ్లు, దుకాణములు నడుపు మనవారిలో గల్లాపెట్టె క్రింద పిస్తోలు ఉంచుకొనవలెనా అను ప్రశ్న ఎదురుపడువారుందురు. అట్టివారిని సభలలో నిందించుట తేలిక; దోపిడి భయముతో అర్ధరాత్రి ఆ గల్లా వెనుక కూర్చుండుట తేలిక కాదు. వారు తమ వ్రతమును తామే పరీక్షించుకొందురు గాక. ఇంటిలో పిల్లలున్నారా, అది తాళములో నున్నదా, నగదు నిలువ తగ్గించుటవంటి వేరుపాయము ముందు చేసితిమా అని అడుగుకొనుట కనీస ధర్మము.

చివరి మాట. 1888 లో మోహన్‌దాస్ గాంధీ లండనుకు బయలుదేరునపుడు ఆయన తల్లి భయపడెను. వణిక్కులమున పుట్టి జైన సాధువైన బేచర్‌జీ స్వామి యెదుట ఆయన మద్యమును, మాంసమును, పరస్త్రీని తాకనని ప్రమాణము చేసిన తరువాతనే ఆమె అనుమతించెను. లండనులో ఆయనను కాపాడినది కావలివాడు కాదు. తాను స్వయముగా ఇచ్చిన మాట. వర్జీనియాలో 1842 లో ప్రమాణపద్ధతి పెట్టినవారు కూడ ఈ రహస్యమునే గుర్తించిరి. నేడు మన బిడ్డలు బయలుదేరునపుడు ఆ మూడింటికి నాలుగవదానిని చేర్చుదము: ‘చదువు ముగియువరకు ఆయుధమును ధరించను, దాచను, ఒకరికి ఇయ్యను.’ గురువుల సన్నిధిని, పెద్దల యెదుట, బిడ్డ తానై కోరి పుచ్చుకొనవలెను. బలవంతముగా పెట్టినది వ్రతము కాదు. ఆ మాటతో వెళ్లిన విద్యార్థి తరగతిలో ఎవని ప్రక్కన కూర్చున్నను, అతనివలన ఆ ప్రక్కవానికి భయము లేదు. ఈ అభయమే మనము ఆ విద్యాలయమునకు పంపగల కానుక.

స్వాధ్యాయ ప్రశ్నలు

1. విరోధి హింసకును, అనర్థదండమునకును భేదమేమి? ఆయుధధారణ ఎప్పుడు ఒకదానినుండి రెండవదానిలోనికి జారును?

2. నెవాడా విద్యార్థిని మాటకు మీరు ఏమని బదులిత్తురు? ఆమె యెదుట నిలబడి చెప్పగల బదులే చెప్పుడు.

3. మీ ఇంటినుండి చదువుకు వెళ్లు బిడ్డ ఏ నియమములతో వెళ్లవలెనని కోరుదురు? వాటిని విధింతురా, లేక బిడ్డతో కూర్చుండి విచారింతురా?

జై జినేంద్ర.